స్టార్ పెట్టుకున్న ముగ్గురు దొరలకు ఒక విన్నపం

మాటకు మాట అతికించే మహారాజశ్రీ *క్యాట్ గారికి, వారి తమ్ముళ్లు *బీక్యాట్, *టీక్యాట్ గార్లకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ వైపు నుంచి ఎర్రర్ మెసేజ్ ఏదీ రాలేదు కాబట్టి క్షేమమనే అనుకోవాలి. మీ ఇలాకాలో ఎర్రర్ రాకపోవడానికీ అంతా బాగుండడానికీ సంబంధం లేదని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఐబీఎం కంప్యూటర్లకు ఆజ్ఞలిచ్చే మీ సీఎల్ (కంట్రోల్ లాంగ్వేజ్) భాష 1978లో సిస్టమ్/38తో పుట్టింది. 1988లో ఏఎస్/400 ఇంటికి మారింది. ఆ పెట్టె తరవాత ఐసిరీస్ అయింది, సిస్టమ్ ఐ అయింది, చివరికి ఐబీఎం ఐ దగ్గర ఆగింది. గుమ్మం మీద బోర్డు ఎన్నిసార్లు మారినా మీ కుర్చీలు మాత్రం కదల్లేదు. వేరే భాషల్లో రెండు మాటలు కలపాలంటే ఒక ప్లస్ గుర్తు పెట్టి ఊరుకుంటారు. ఇక్కడ ఆ పనికి భుజాన స్టార్ ఉన్న ఆఫీసర్లు ముగ్గురు కావాలి.

ముగ్గురెందుకంటే, మీ దగ్గర ఖాళీల ఉత్పత్తి ఎక్కువ. విలువలు దాచుకునే డబ్బాలాంటి పదక్షరాల వేరియబుల్‌లో ఆరక్షరాల లైబ్రరీ (ఫైళ్లుండే అర) పేరు పెడితే, మిగిలిన నాలుగు గళ్లూ ఎవరూ అడక్కుండానే ఖాళీలతో నింపేస్తారు. పొడవెంతో చెప్పడం మర్చిపోతే 32 అని మీరే రాసేసుకుంటారు. ఇలా పుట్టించిన ఖాళీలను ఏం చెయ్యాలో చూడడానికి మళ్లీ ఒక శాఖ! పెద్దాయన *క్యాట్ దేన్నీ ముట్టుకోరు. లైబ్రరీ పేరు, స్లాష్, ఫైల్ పేరు కలపమంటే, పేరుకీ స్లాష్‌కీ మధ్య ఆ నాలుగు ఖాళీలూ భద్రంగా ఉంచి పంపిస్తారు. *బీక్యాట్ గారు మొదటి మాట చివరి ఖాళీలన్నీ తుడిచి, తను వచ్చి వెళ్లినట్టు గుర్తుగా ఒకటి వదిలేస్తారు. చిన్నాయన *టీక్యాట్ ఒక్కటి కూడా మిగల్చరు. ఇక రెండో మాట ముందున్న ఖాళీలంటారా, అవి ముగ్గురిలో ఎవరి పరిధిలోకీ రావు. వేరే సెక్షన్ చూసుకోవాలి కాబోలు.

*టీక్యాట్ గారి శుభ్రత గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. రెండు మాటల మధ్య ఖాళీ కావాలని, మొదటి మాట, *టీక్యాట్, కోట్ గుర్తుల మధ్య ఒక ఖాళీ, మళ్లీ *టీక్యాట్, రెండో మాట అని రాస్తామనుకోండి. లెక్క ఎడమ నుంచి మొదలవుతుంది. మొదటి *టీక్యాట్ ఖాళీని మర్యాదగా అతికిస్తుంది. రెండో *టీక్యాట్ వచ్చి, "ఇక్కడ చివర్లో చెత్త ఉందే" అని దాన్నే ఊడ్చేస్తుంది. కామా పెడితే బతుకుతుంది. ఖాళీ పెడితే బతకదు.

అంకెలంటే మీకు అసలు పడదు. డెసిమల్ వేరియబుల్‌ని నేరుగా తీసుకొస్తే లోపలికి రానివ్వరు. ముందు దాన్ని ఐదక్షరాల వేరియబుల్‌లోకి మార్చుకొస్తే, ఏడు కాస్తా 00007 అయి కూర్చుంటుంది. ప్రింటయింది ఏడు రికార్డులే అయినా మెసేజ్‌లో హడావుడి పదివేలల్లో ఉంటుంది. కొత్త వెర్షన్లలో అంకెను అక్షరాలుగా మార్చే %క్యార్, ఖాళీలు కత్తిరించే %ట్రిమ్ లాంటి ఫంక్షన్లు వచ్చి కొంత దయ చూపించాయి. అది మీ గొప్ప కాదు లెండి.

ఇవన్నీ భరించవచ్చు. నా అసలు గొడవ మీ మౌనంతోనే. ముందుగా డిక్లేర్ చెయ్యని (ప్రకటించని) వేరియబుల్ ఒక్కటి కనబడితే, ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ప్రోగ్రాం మొత్తాన్ని తిప్పికొడుతుంది. అంత పట్టింపు ఉన్న ఇంట్లో, మీరు కలిపిన మాట వేరియబుల్‌లో పట్టకపోతే మాత్రం కుడివైపు మిగిలింది గుట్టుచప్పుడు కాకుండా కోసేస్తారు. "ఈ ఫైల్ డిలీట్ చెయ్యవచ్చు అనుకోవద్దు" అన్న హెచ్చరిక తయారు చేశాననుకోండి. చోటు చాలక చివరి మాట పోయిందా, తెర మీద మిగిలేది "ఈ ఫైల్ డిలీట్ చెయ్యవచ్చు".

కోసింది కమాండ్ అయితే కథ ఇంకా బాగుంటుంది. చివరి బ్రాకెట్ పోయిన కమాండ్‌ని తీసుకెళ్లి, ఇచ్చిన కమాండ్‌ని నడిపించే క్యూకమాండ్‌ఎగ్జెక్‌కి ఇస్తాం. అది లబోదిబోమంటుంది. జరిగిన పనుల చిట్టా అయిన జాబ్ లాగ్‌లో ఎర్రర్ దాని పేరు మీద పడుతుంది. ప్రోగ్రామర్ ఆ లైను దగ్గర తల పట్టుకుని కూర్చుంటాడు. మూడు లైన్ల పైన కత్తెర పట్టుకున్న మీరు కుక్కిన పేనులా ఉంటారు. (కమాండ్‌లోకి ఒక్క కోట్ గుర్తు పంపడానికి వరసగా నాలుగు రాయాలన్న టెన్షన్‌లో ఉన్నవాడికి పైకి చూసే ఓపిక ఎక్కడుంటుంది?)

కాబట్టి అడిగేది ఒక్కటే. కొయ్యండి, వద్దనను. కోసినప్పుడు ఆ జాబ్ లాగ్‌లోనే మీ పేరుతో ఒక లైను రాయండి. ప్రతి చిన్న విషయానికీ మెసేజ్ నంబరు ఇచ్చే సిస్టమ్‌లో మీకు మాత్రం ఒకటి దొరక్కపోతుందా?

ఇట్లు,
మీ ఖాళీలు లెక్కపెట్టుకునే ఒక ప్రోగ్రామర్

తా.క.: మీకు పొట్టి పేర్లు కూడా ఉన్నాయి. పెద్దాయనకు రెండు నిలువు గీతలు, తమ్ముళ్లకు ఒక గీత, పక్కన ఒక బాణం మొన. కానీ అక్షరాలకు ఐబీఎం వాడే కోడ్ పద్ధతి ఎబ్సిడిక్‌లో, కోడ్ పేజీ (అక్షరాల పట్టిక) 37 ప్రకారం నిలువు గీత అయిన 4ఎఫ్ అనే కోడ్, కోడ్ పేజీ 500లో ఆశ్చర్యార్థకం అవుతుంది. అక్కడ మీ గీతల్ని ఎవరూ గుర్తుపట్టరు. అందుకే ఉత్తరమంతా మిమ్మల్ని స్టార్‌తో సహా పూర్తి పేర్లతోనే పిలిచాను.