కలహారీలో ఎవరి బాణం నేరం?

ఆఫ్రికా దక్షిణభాగంలోని బోట్స్వానాలో 2021 చివర్లో కన్నుమూసిన ఒక శాన్ తెగ వృద్ధుడికి 2024 డిసెంబరులో గానీ అంత్యక్రియలు జరగలేదు. సెంట్రల్ కలహారీ అభయారణ్యంలోని తాతల నేలలో పూడ్చుకుంటామని కుటుంబం అడిగితే ప్రభుత్వం కుదరదంది. కోర్టులూ ప్రభుత్వం మాటకే సరేనన్నాయి. శవం దాదాపు మూడేళ్లు మార్చురీలో ఉండిపోయింది. డూమా బోకో అధ్యక్షుడయ్యాకే అనుమతి దొరికింది. ఆయన ఒకప్పుడు ఇదే శాన్‌ల పక్షాన కోర్టులో నిలబడ్డ న్యాయవాది. చనిపోయినవారి సంగతి తేలింది, సంతోషం. బతికున్నవారు విల్లు పట్టుకుని ఆ అడవిలోకి నడిచి వెళ్లే హక్కు సంగతి కూడా ఆయనే తేల్చాలి.

తెలంగాణలో దాదాపు సగం విస్తీర్ణం ఉండే ఈ అభయారణ్యాన్ని 1961లో బ్రిటిష్ పాలకులు ఏర్పాటు చేశారు. జంతువులతోపాటు అక్కడ వేటాడి బతికే శాన్‌లకూ అది నీడగా ఉండాలన్నది అప్పటి ఉద్దేశం. 1980లలో లోపల గోపే దగ్గర వజ్రాలు బయటపడ్డాయి. 1997లో ఒకసారి, 2002లో మరోసారి జనాన్ని లారీలెక్కించి బయటి కాలనీల్లో దింపారు. నీటి బోరును మూసేశారు, వేట లైసెన్సులు ఆపేశారు. వజ్రాలకూ దీనికీ సంబంధమే లేదని ప్రభుత్వం అంటూ వచ్చింది. 2014లో ఆ అభయారణ్యం లోపలే గని తెరుచుకుంది.

2006 డిసెంబరు 13న బోట్స్వానా హైకోర్టు శాన్‌లను వెళ్లగొట్టడం తప్పని, వేట లైసెన్సులు నిరాకరించడం చట్టవిరుద్ధమని మెజారిటీ తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని ఎంత ఇరుకుగా చదవాలో అంత ఇరుకుగా చదివింది. పిటిషన్‌లో పేర్లున్నవారికి మాత్రమే తిరిగి వెళ్లే వీలంది. లైసెన్సుల ఊసెత్తలేదు. ఆ తర్వాత 2014లో దేశమంతటా వేట నిషేధించారు. అందరికీ ఒకటే నిషేధం అనుకుంటే సర్దుకోవచ్చు. కానీ కంచె వేసుకున్న ప్రైవేటు వేట క్షేత్రాలకు మినహాయింపు ఇచ్చారు. డబ్బు కట్టే విదేశీ అతిథి అక్కడ జింకను కొట్టొచ్చు. ఆకలితో జింకను కొట్టిన శాన్ మాత్రం దొంగవేటగాడే. 2019లో నిషేధం ఎత్తేశాక మొదట ఊపందుకున్నది కూడా వేలమే. 2020లో 70 ఏనుగుల వేట హక్కులను కంపెనీలకు పాటకు పెట్టారు.

ఈ రెండు రకాల వేటలో ఏది ఎంత బరువైనదో ఒకసారి చూడాలి. శాన్‌ల విల్లు చాలా తేలికైనది, దాని దెబ్బకు పెద్ద జంతువు పడదు. బలమంతా విషానిది. డయాంఫిడియా అనే పెంకుపురుగు లార్వాలను పొదల మొదళ్ల దగ్గర తవ్వి తీసి, వాటి రసాన్ని బాణానికి పూస్తారు. పొరపాటున గీసుకుంటే ప్రాణాలకే ముప్పు కాబట్టి మొన కొసకు పూయరు, దాని వెనక కాడకు పూస్తారు. బాణం ముక్కలుగా అతికి ఉంటుంది. తగలగానే వెనక కాడ ఊడి కింద పడుతుంది, మొన ఒంట్లో దిగిపోతుంది. పడిన కాడను చూసి తగిలిందని తెలుసుకున్న వేటగాడు జంతువును వెంటనే తరమడు. విషం ఎర్ర రక్తకణాలను నెమ్మదిగా చిదిమేస్తుంది. పెద్ద జంతువుకు ఒక రోజు, జిరాఫీలాంటి దానికి ఇంకా ఎక్కువే పడుతుంది. మర్నాడు ఇసుకలో అడుగులు చదువుకుంటూ కాలినడకన వెళ్లి పట్టుకోవాలి. సింహాలో హైనాలో ముందు చేరుకుంటే అంతా వృథా. విషం రక్తంలోకి వెళితేనే పనిచేస్తుంది కనుక దెబ్బ చుట్టూ కొంత కోసి పారేసి మిగతా మాంసం తింటారు.

ఈ చావు నొప్పిలేనిదని మేము అనం. అయితే ఈ పద్ధతిలో ఒక మనిషి ఏడాదిలో కొట్టగలిగేది బహు కొద్ది. ఆపైన పంపకం ఉంటుంది. నమీబియా, బోట్స్వానా సరిహద్దుల్లోని జూహ్వాన్సీ శాన్‌లలో మాంసం పంచే హక్కు కొట్టినవాడిది కాదు, బాణం ఎవరిదో వారిది. ఆ బాణం నడవలేని ముసలాయన చేసిచ్చింది కావచ్చు, కానుకగా అందుకున్న ఆడమనిషిది కావచ్చు. వేటగాడు గొప్పలు పోకూడదు. ఎంత పెద్ద జంతువు పడినా ఏదో చిన్నది దొరికిందన్నట్టు మాట్లాడాలి. వెంట వెళ్లినవాళ్లు ఈ బక్క ఎముకల కోసమా ఇంత దూరం తెచ్చావని వెక్కిరించాలి. నేర్పరి తలకెక్కి పెత్తనం చేయకుండా ఉండటానికి వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది.

విమానమెక్కి వచ్చే విలుకాడి తంతు వేరు. కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లు, కార్బన్ బాణం, దూరం కొలిచే లేజర్. నక్కి నక్కి నడుస్తూ దగ్గరికి చేరి కొట్టేవాళ్లు లేకపోలేదు, వాళ్ల ఓపికను తక్కువ చేయం. ఎక్కువమంది మాత్రం ఎండాకాలంలో నీటిగుంట పక్కన కట్టిన మరుగులో కూర్చుంటారు. అయినా గురి తప్పే వీలు ఎక్కువే. 30 మీటర్ల దూరంలోని జింకకు వింటినారి చప్పుడు సెకనులో పదోవంతు లోపే చేరుతుంది, బాణం చేరడానికి దానికి మూడు నాలుగు రెట్లు పడుతుంది. ఆలోగా జింక వంగి దూకుతుంది. గుండెకు పెట్టిన గురి వెన్నుకో పొట్టకో తగులుతుంది. 2015 జులైలో జింబాబ్వేలో హ్వాంగే పార్కు హద్దు దాటిన సెసిల్ అనే సింహం మొదటి బాణానికి చావలేదు, గాయంతో గంటల తరబడి తిరిగింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు దాని మెడకు పట్టీ వేసి ఉండబట్టి గానీ లేకపోతే ఆ సంగతి లోకానికి తెలిసేదే కాదు. బాణం వేసిన అమెరికన్ దంతవైద్యుడి పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయని అక్కడి ప్రభుత్వం తేల్చి కేసు పెట్టలేదు.

డబ్బు కట్టే వేటను మొత్తంగా ఆపేయమని మా వాదన కాదు. బోట్స్వానాలో లక్షా ముప్పై వేలకు పైగా ఏనుగులున్నాయి, పంటలూ ప్రాణాలూ పోగొట్టుకునేది అక్కడి పల్లె జనమే. వేటాడిన జంతువుల తలలూ దంతాలూ తెచ్చుకోవడాన్ని కట్టడి చేయాలన్న జర్మనీకి 20,000 ఏనుగులు పంపిస్తాం, వాటితో బతికి చూడండని 2024లో అప్పటి అధ్యక్షుడు మసీసి అన్నమాట మోటుగా ఉన్నా అందులో న్యాయం ఉంది. పక్కనున్న నమీబియాలో దారి కనిపిస్తోంది. 1998లో ఏర్పడిన న్యాయే న్యాయే సంరక్షణ ప్రాంతంలో జూహ్వాన్సీలు సంప్రదాయ విల్లుతో చట్టబద్ధంగా వేటాడుకుంటారు. విదేశీ వేటగాళ్లకు ఇచ్చే హక్కుల డబ్బూ మాంసమూ వాళ్లకే చేరతాయి.

శాన్‌లు ఇప్పుడు గుర్రాలు, తుపాకులు వాడుతున్నారన్నది బోట్స్వానా అధికారుల అభ్యంతరం. కొందరి విషయంలో నిజమే. అలాంటప్పుడు గుర్రాన్నీ తుపాకినీ ఆపాలి. కాలినడకన విల్లుతో వెళ్లేవాణ్ని కూడా ఆపడం దేనికి?

ఈ ప్రశ్న అడిగే అర్హత మనకు ఎంతుందన్నది వేరే మాట. బోట్స్వానా హైకోర్టు తీర్పు వచ్చిన 2006 డిసెంబరులోనే మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టం ఆమోదించింది. సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తూ వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. మాంసం నైవేద్యం పెట్టిన బోయ తిన్నణ్ని శ్రీకాళహస్తిలో కన్నప్పగా కొలుస్తాం. గిరిజన సభలో నాయకులు విల్లెక్కుపెట్టి ఫొటో దిగితే చప్పట్లు కొడతాం. అదే విల్లుతో నల్లమలలో చెంచు కుందేలును కొడితే కేసు. నల్లమల పులులు ఉండే అడవి, అక్కడ వేటకు మళ్లీ తలుపు తెరవమని మేము అడగడం లేదు. తీసుకున్నదానికి బదులుగా చెంచులకు ఏమిచ్చామో లెక్క చెప్పాల్సిన బాకీ మాత్రం రెండు రాష్ట్రాలకూ ఉంది.

బోకోకు కొత్త చట్టం అక్కర్లేదు. తిండి కోసం వేటాడేవారికి ప్రత్యేక లైసెన్సు ఇచ్చే పద్ధతిని ఆ దేశం 1979లోనే మొదలుపెట్టింది. 2006 తీర్పును పిటిషన్‌దారుల పిల్లలకూ మనవలకూ వర్తింపజేసి, కాలినడక, విల్లు అనే షరతులతో లైసెన్సులు చేతికివ్వాలి. ఏ జంతువును ఎన్ని కొట్టొచ్చో అడుగుజాడలు చదవగల శాన్‌లతో కలిసి ఏటా లెక్కగట్టాలి. ఏ ప్రాంతపు వేట హక్కులనైనా పాటకు పెట్టేది ఆ లెక్కలో అక్కడివాళ్ల వాటా తీసి పక్కన పెట్టాకే.