సొంత సైట్, చిన్న డ్రోన్, లైసెన్సు అక్కర్లేదు: ఈ మెసేజ్‌లో ఏది తప్పు

బిల్డర్లు, సైట్ ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. దాని సారాంశం: 2021 డ్రోన్ రూల్స్‌తో లైసెన్సులు పోయాయి, చిన్న డ్రోన్‌కి ఏ కాగితమూ వద్దు, సొంత సైట్ మీద ఎగరేస్తే కమర్షియల్ కాదు, గ్రీన్ జోన్‌లో (ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో పచ్చగా చూపే చోట) ఎవరినీ అడగక్కర్లేదు, బయటి ఆపరేటర్‌ని పెట్టుకుంటే బాధ్యతంతా అతనిదే. దాదాపు ప్రతి ముక్కలోనూ పిసరంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

"లైసెన్సులు పోయాయి."

పోలేదు. 2022 ఫిబ్రవరి సవరణతో రిమోట్ పైలట్ లైసెన్స్ స్థానంలో రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వచ్చింది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు చేసి పాసైతే ఆ సంస్థ ద్వారానే వస్తుంది. పదో తరగతి పాసై, వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి. పదేళ్లు చెల్లుతుంది. ఏ రకం డ్రోన్‌కి ఇచ్చారో దాని మీదే ఉంటుంది కాబట్టి, రోటర్‌క్రాఫ్ట్‌కి (ఫ్యాన్ల రెక్కలతో నిలువుగా లేచేది) తీసుకున్న సర్టిఫికెట్‌తో ఫిక్స్‌డ్ వింగ్ (విమానంలా కదలని రెక్కలున్న) సర్వే డ్రోన్ ఎగరేయడం కుదరదు.

"చిన్న డ్రోన్‌కి కాగితాలు వద్దు."

250 గ్రాముల వరకు ఉన్నది నానో. దానికి పైలట్ సర్టిఫికెట్ గానీ, థర్డ్ పార్టీ బీమా గానీ తప్పనిసరి కాదు, కమర్షియల్ పనికైనా సరే. ఈ రెంటి వరకు మెసేజ్ కరెక్టే. కానీ ఆ 250 గ్రాములు డబ్బా మీద రాసిన బరువు కాదు, బ్యాటరీ, తగిలించిన సామానుతో కలిపి ఎగిరేటప్పటి బరువు. డీజేఐ మినీ 3 ప్రో మామూలు బ్యాటరీతో 249 గ్రాములు. ఎక్కువసేపు ఎగరాలని ప్లస్ బ్యాటరీ వేస్తే దాదాపు 290. అక్కడితో అది మైక్రో అయిపోయింది. మైక్రో అంటే 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు. అందులో సర్టిఫికెట్ మినహాయింపు కమర్షియల్ కాని వాడకానికే. సైట్ పనికి వాడితే పైలట్ సర్టిఫికెట్, డ్రోన్‌కి యూఐఎన్ (రిజిస్ట్రేషన్) నంబరు, బీమా మూడూ ఉండాలి.

యూఐఎన్ ఫీజు రూ.100 మాత్రమే. అసలు అడ్డంకి వేరు: మైక్రోకి నంబరు రావాలంటే ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ ప్రమాణాలకు సరిపోతుందన్న ధ్రువీకరణ) ఉండాలి. విదేశాల్లో తయారైన పూర్తి డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9 నుంచి నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. సూట్‌కేసులో తెచ్చిన డ్రోన్‌కి విదేశీ షాపు బిల్లు ఉన్నా రిజిస్ట్రేషన్‌కి పనికిరాదు.

"సొంత సైట్ కమర్షియల్ కాదు."

స్థలం ఎవరిదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. రన్నింగ్ బిల్లుకి (పని జరిగినంత మేరకు పెట్టే బిల్లు) జతచేసే ఫొటోలు, తవ్వకం మట్టి లెక్క, ఫ్లాట్ల బ్రోషర్ వీడియో వ్యాపారం కోసమే కదా. ఎవరూ డబ్బివ్వకపోయినా సైట్ పనికి ఎగరేసే ప్రతి ఫ్లైటునూ కమర్షియల్‌గానే లెక్కేసుకోవాలి.

"గ్రీన్ జోన్‌లో ఎవరినీ అడగక్కర్లేదు."

ఎత్తైన బిల్డింగుల దగ్గర ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గ్రీన్ జోన్‌కి పైకప్పు ఉంది: నేల నుంచి 400 అడుగులు, అంటే 120 మీటర్లు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే, 60 మీటర్లు. 5–8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే ఎల్లో జోన్, ఏ ఎత్తుకైనా ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) అనుమతి కావాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

యాప్‌లో కనిపించే ఎత్తు టేకాఫ్ చోటు నుంచి కొలిచినది. 90 మీటర్ల టెర్రస్ మీద నుంచి లేపితే స్క్రీన్ మీద 40 కనిపించేటప్పటికి డ్రోన్ నేల నుంచి 130 మీటర్ల మీద ఉంటుంది. అంతస్తుకి 3 మీటర్లు వేసుకుంటే, 8–12 కిలోమీటర్ల పరిధిలో 20 అంతస్తుల బిల్డింగు టెర్రస్సే పరిమితి. దానిపైన టవర్ క్రేన్ ఫొటో కావాలన్నా ఏటీసీ అనుమతి తీసుకోవాల్సిందే. ఎత్తు పరిమితిని యాప్‌లో సెట్ చేసేటప్పుడు టెర్రస్ ఎత్తును తీసేసి మిగిలినదే పెట్టాలి. రిటర్న్ టు హోమ్ ఎత్తు (డ్రోన్ తనంతట తాను టేకాఫ్ చోటికి తిరిగొచ్చే ఎత్తు) మాత్రం క్రేన్ జిబ్ (క్రేన్ అడ్డచెయ్యి) కన్నా పైన ఉండాలి. రెండూ పొసగకపోతే ఆ ఫ్లైటు నేల మీద నుంచి, క్రేన్ ఆపించి చేయాలి. స్లాబ్ ఇనుము దగ్గర కంపాస్ క్యాలిబ్రేట్ చేయొద్దు, దిక్కు తప్పుగా నమోదై డ్రోన్ గుండ్రంగా పక్కకి జారిపోతుంది.

ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌ను కూడా ప్రతి ఫ్లైటుకి ముందు చూడాలి. ఎస్పీ స్థాయి అధికారి ఒకసారికి 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్ ప్రకటించవచ్చు. నిన్న గ్రీన్ అని తీసిన స్క్రీన్‌షాట్ ఈరోజు పనికిరాదు. ఈ మ్యాప్ నియమం నానోకీ వర్తిస్తుంది.

"బాధ్యతంతా ఆపరేటర్‌దే."

రూల్స్ ఉల్లంఘనకి జరిమానా గరిష్ఠంగా రూ.లక్ష. కానీ కింద పనివాడికి దెబ్బ తగిలితే వేరే చట్టాలు కూడా వస్తాయి, సైట్ భద్రత చూడాల్సిన కాంట్రాక్టర్‌ని అవి వదలవు. వర్క్ ఆర్డర్ ఇచ్చే ముందు యూఐఎన్ నంబరు డ్రోన్ మీది సీరియల్‌తో సరిపోయిందా, బీమా పాలసీలో అదే డ్రోన్ ఉందా, సర్టిఫికెట్ మీద పేరు వచ్చిన మనిషిదేనా చూడండి. ఒకరి పేరుతో కాగితాలు పంపి ఇంకొకరిని సైట్‌కి పంపడం ఇందులో మామూలే. ప్రమాదం జరిగితే 48 గంటల్లో డీజీసీఏకి ఆన్‌లైన్‌లో తెలపాలి. ఫ్లైట్ లాగ్ (ఎగిరిన వివరాల రికార్డు) ఆపరేటర్ దగ్గరే ఉంటుంది కాబట్టి అతను సైట్ దాటేలోపే కాపీ తీసుకోండి.