కాంట్రాస్ట్ ఇంజక్షన్ గారూ, ముందుగాల ఒక్క మాట చెప్పిస్తే మీదేం పోయె?

మహారాజశ్రీ కాంట్రాస్ట్ ఇంజక్షన్ గారి సముఖమునకు,

నల్లగొండ నుండి నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు తమరు మా అమ్మ ఎడమ చేతి నరంలోకి వేంచేశారు. ఆ శుభ ముహూర్తం కోసం మేము పొద్దున 9 నుంచి ఎమ్మారై స్కానింగ్ సెంటర్‌లో ఇనుప కుర్చీల మీద కూర్చున్నాం. మా మేనమామ పెళ్ళిలో బరాత్ ఆలస్యమైనా ఇంత సేపు కాలేదు. ఉభయకుశలోపరి అని రాయాల్సింది. రిపోర్టు చేతికొచ్చాక రాద్దామని ఆపాను.

తమరి గొప్పతనం తెలియక రాస్తున్నది కాదు. ఎమ్మారై బొమ్మ తేటగా పడాలని నరంలోకి ఎక్కించే మందు తమరు. అసలు పేరు గాడోలినియం, పరమాణు సంఖ్య 64, జత కుదరని ఎలక్ట్రాన్లు ఏడు. ఆ ఏడింటి బలంతోనే, అయస్కాంతం నడుమ పడుకున్న మనిషి ఒంట్లో తమరు చేరిన చోట హైడ్రోజన్ తొందరగా కుదుటపడుతుంది, ఆ చోటు బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. మెదడులో అయితే రక్తనాళం గోడ గట్టిగా ఉన్నన్నాళ్ళు తమరు దాటలేరు. గడ్డో ఇన్ఫెక్షనో ఆ గోడను చెడగొట్టిన చోట బయటికి కారి దొంగను పట్టిస్తారు. ఆపరేషన్ అయిన నడుములో ఇంకో ఉపకారం చేస్తారు. పాత కోత తాలూకు మచ్చ వెలుగుతుంది, మళ్ళీ జారిన డిస్కు ముక్క నల్లగానే ఉండిపోతుంది. అమ్మకు కావలసింది అదే. ఆరేళ్ళ కింద హైదరాబాద్‌లో నడుము ఆపరేషన్ అయింది, రెండు నెలలుగా కుడి కాలు మళ్ళీ గుంజుతోంది. అందుకే డాక్టరు గారు చీటీ మీద ‘విత్ కాంట్రాస్ట్’ అని రాశారు.

చీటీ మీదే రాశారు. కింద గీత కూడా కొట్టారు. ఆ చీటీ ఫొటో ముందు రోజే వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. ఎందుకైనా మంచిదని ఫోన్ కూడా చేశాను.

“మేడమ్, ఏమన్నా టెస్టులు చేయించుకొని రావాల్నా?”

“ఏం అవసరం లేదు సార్. పొద్దున ఏం తినకుండ తీసుకరండి, చాలు.”

షుగరున్న 62 ఏళ్ళ మనిషిని ఏమీ తినకుండా తెమ్మన్నారు, తెచ్చాను. పదకొండు గంటలకే ఆమె చేతులు వణకడం మొదలైంది. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో.

పన్నెండున్నరకు పిలిచారు. ఒంటి మీద ఇనుము, బంగారం, వెండి ఏదీ ఉండొద్దన్నారు. పుస్తెలతాడు తీసి పసుపు దారం కట్టుకుంది. మెట్టెలు మాత్రం రాలేదు. నలభై ఏళ్ళుగా వేళ్ళకు పాతుకుపోయినవి. బాత్రూమ్ నల్లా దగ్గర కూర్చోబెట్టి, సబ్బు నురుగు పెట్టి, ఒక్కోటి తిప్పి తిప్పి తీశాను. ఎడమ కాలు వేలు కమిలింది. “మీ నాయిన ఉండంగ ఎన్నడు తియ్యలే” అని మెల్లగా అని, నా దోసిట్లో పోసింది. చొక్కా జేబులో వేసుకున్నాను.

ఇక సంతకాల ఘట్టం. రెండు పేజీల ఇంగ్లీషు కాగితం. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో అమ్మ నిదానంగా పేరు రాస్తుంటే “వేలిముద్ర ఏస్తవా పెద్దమ్మా, జల్ది అయితది” అన్నాడో పిల్లగాడు. ఆ వెంటనే “చేపలు గిట్ల తింటే పడతయా?” అని అడిగాడు. చేపలు తింటే దద్దుర్లొచ్చేవాళ్ళకు సీటీ స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ పడదని ఒక పాత అపోహ ఉంది. అక్కడే నిలవని మాట, తమరి దాకా ఎట్లా వచ్చిందో! అమ్మ మర్యాదగానే జవాబిచ్చింది: “చేపలు పడతయి బిడ్డా. మూసీ చేపలే పడవు.”

చేపల గురించి అడిగారు. కిడ్నీల గురించి అడగలేదు.

అమ్మ లోపలికి వెళ్ళింది. ముప్పావు గంట ఆ డబడబ. ఒంటిగంటన్నరకు తలుపు తీసుకొని ఒకమ్మాయి బయటికొచ్చింది. “ప్లేన్ అయిపోయింది సార్. కాంట్రాస్ట్ ఇయ్యాలె. క్రియాటినిన్ రిపోర్ట్ ఏది?”

ఏ రిపోర్ట్? నిన్న అవసరం లేదన్న రిపోర్టా?

“అది లేకుంటే ఇయ్యం సార్. బయట చేయించుకొని రండి. మళ్ళ స్లాట్ చూస్తం.”

ఇగ తమరు, గిమరు నాతోని కాదు. నువ్వనే అంటా, విను. చీటీ మీద నీ పేరుంది. ఫొటో చూసిన్రు. ఫోన్‌ల అడిగిన. క్రియాటినిన్ అంటే గింత రక్తంతోని కిడ్నీల పని చూసుడు, ఏ చిన్న ల్యాబ్‌లనైనా అయ్యే టెస్టు. ముందు రోజే ఒక్క మాట చెప్తే మా ఊరి దగ్గరనే చేయించుకొని వస్తుంటిమి కదా! ముసలామెను బల్ల మీదికెళ్ళి లేపి, చీర సర్ది, మెట్టెలు మళ్ళ తొడిగి, ఎర్రటి ఎండల ఆటో ఎక్కించి, రక్తమిప్పిచ్చి, రెండు గంటలు కూసొని, కాయితం పట్టుకొని ఉరికొచ్చి, మళ్ళ నల్లా కాడ సబ్బు. అదే కమిలిన వేలు. ఈసారి ఆమె ఏమనలే. కండ్లు మూసుకున్నది. గా ఒక్క మాట నోట్లకెళ్ళి ఎందుకు రాలే?

పరీక్ష వద్దంటలేను. అది ఎందుకొచ్చిందో నాకన్న నీకే బాగా ఎరుక. అమెరికాల డయాలసిస్ మనుషులకు తోలు చెక్క లెక్క గట్టిపడుడు, కీళ్ళు ముడుచుకపోవుడు 1997ల మొదటిసారి చూసిన్రు. అది నీ పనే అని 2006 దాక ఎవ్వరికి అనుమానం రాలే. 2007ల అక్కడి మందుల సంస్థ నీ డబ్బా మీద నల్ల గీతల హెచ్చరిక అచ్చేయించింది. కిడ్నీలు బాగుంటే ఒకరోజుల నువ్వు దాదాపు మొత్తం ఒంటికి బయటికి పోతవు. బాగలేకుంటే తిష్ట వేస్తవు. కిడ్నీ చూసి, మంచి రకం ఎంచి ఇచ్చుడు మొదలువెట్టినంక ఆ రోగం దాదాపు కనవడకుంట పోయింది. మోకాళ్ళ నొప్పులకు ఏండ్ల సంది గోలీలు మింగే మా అమ్మకు ఆ లెక్క చూసుడు న్యాయమే. క్రియాటినిన్ 1.3 వచ్చింది. వయసుతోని లెక్కగడితే కిడ్నీ వడపోత 46. భయం 30 కిందికి దిగితే.

రకం సంగతి కూడ మెడికల్ షాపుల డబ్బా తిప్పి నేను చదువుకున్నదే, ఎవరూ చెప్పలే. వట్టి గాడోలినియం విషం, అందుకే ఇంకో అణువుతోని కట్టేసి పంపుతరు. లీనియర్ రకమంటే మెడకు పలుపు తాడేసిన ఎద్దు, గుంజితే తాడు జారుతది. మాక్రోసైక్లిక్ అంటే దొడ్ల తోలి గడియ పెట్టిన ఎద్దు. తాడు జారిన ఆనవాళ్ళు మెదడుల, ఎముకల దొరికినంక 2017ల ఐరోపా వాళ్ళు లీనియర్ రకాలను చాలా మటుకు ఆపేసిన్రు. కిడ్నీలు మంచిగున్నోళ్ళకు దానితోని ఫలానా నష్టం అని ఇప్పటిదాక రుజువు కాలే, అది కూడ ఒప్పుకోవాలె. మా డబ్బా మీద గాడోటెరేట్ అని ఉన్నది. దొడ్డి రకం. ఈ రకానికైతే కిడ్నీ పరీక్ష లేకున్నా నడుస్తదని అమెరికా రేడియాలజీ డాక్టర్ల సంఘమే రాసుకున్నది. చదివి ఇంక మండింది.

ఎముకల నిలిచిపోయే సంగతి మాకు చెప్పేటిది కాదు. మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన ఊర్లు. పటిక, సున్నం కలిపి నీళ్ళు తేర్చే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా జిల్లా పేరే పెట్టిన్రు. అసొంటి ఎముకలలకు నువ్వు కొత్తగ వస్తానంటే, ఏ రకమో, ఎంతనో అడుగుడు తప్పా?

ఎంత అంటే గుర్తొచ్చింది. కిలోకు 0.2 మిల్లీలీటర్లు ఎక్కించాలె. కాంటా గోడకు ఆనిచ్చి ఉన్నది. “పెద్దమ్మా, ఎంతుంటవు?” “యాభయ్యో, అరవయ్యో ఉంట బిడ్డా.” 11 ఎక్కించిన్రు. మేం కొన్నది 15 సీసా.

ఎక్కినంక అమ్మ అన్నది: “చెయ్యి సల్లగయింది. నోరంత ఇనుప గంటె నాకినట్టున్నది.” ఇప్పుడు నీళ్ళు బాగ తాగాలె అన్నదా అమ్మాయి. “ఏ నీళ్ళు బిడ్డా?” అని అడిగింది మా అమ్మ. ఆ పిల్లకు అర్థం కాలే.

పొద్దున రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు ఫిల్మును కిటికీకి పెట్టి వేలితో చూపించారు. నరం పక్కన సన్నని తెల్లటి మెరుపు. నల్ల ముక్క ఎక్కడా లేదు. “ఇది పాత మచ్చనే. డిస్కు కాదు. కొయ్యనవసరం లేదు, మందులు వాడదాం.” అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ మెరుపు తమరిదే. కాబట్టి మళ్ళీ తమరు అనక తప్పడం లేదు.

ఇట్లు,
తమరి వల్ల ఒక ఆపరేషన్ తప్పించుకున్న, తమరి వాళ్ళ వల్ల ఒక రోజు పోగొట్టుకున్న కొడుకు.

తా.క.: ఎడమ కాలు మెట్టె ఇంకా ఎక్కలేదు, వేలు వాచి ఉంది. నా జేబులోనే ఉంది.