నాన్నకి లైసెన్సు, నాకు టికెట్టు

అమెరికా వచ్చిన నాలుగో రోజే మా నాన్న ఆ చెరువును కనిపెట్టాడు. డాలస్ శివార్లలో మా ఇంటికి అరమైలు దూరంలో సిటీ పార్కు ఉంది, పార్కు మధ్యలో చెరువు. పదమూడేళ్లుగా దాని చుట్టూ నడుస్తున్నాను. నాకది నీళ్లుగానే తెలుసు. నాన్న గట్టున రెండు నిమిషాలు నిలబడి, బుడగల్ని చూసి, "జెల్లలున్నాయిరా" అన్నాడు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. అక్కడ వీధి గుమ్మం దిగి కాలు జారితే చేపల చెరువులో పడతాం. అలాంటి మనిషికి చేపలున్న చెరువు చూపించి, చుట్టూ నడుద్దాం రండి అనడం కూడా ఒక రకం హింసే.

"రేపొద్దున గాలం వేద్దాం" అన్నాడు.

నా సంగతి చెప్పాలి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాణ్ణి. రాత్రి పదకొండింటికి, కనుచూపు మేరలో ఒక్క కారు లేకపోయినా, సిగ్నల్లో తెల్ల మనిషి బొమ్మ వెలిగేదాకా రోడ్డు దాటను. అందుకే ముందు ఆఫీసు మిత్రుడికి ఫోన్ చేశాను. "టెక్సస్‌లో స్టేట్ పార్కు గట్టు మీంచి పట్టుకుంటే లైసెన్స్ అక్కర్లేదు గురూ" అన్నాడు. నిజమే, అక్కర్లేదు. కాకపోతే మాది సిటీ పార్కు. స్టేట్ పార్కు చేపకి లేని లైసెన్సు సిటీ పార్కు చేపకి ఉంది. ఏ చెరువు ఎవరిదో చేపలకి తెలియదు గానీ పట్టేవాడికి తెలియాలట.

అర్ధరాత్రి దాకా రూల్సు చదివి పొద్దున్నే నాన్నకి వినిపించాను. పదిహేడేళ్లలోపు పిల్లలకి లైసెన్సు వద్దు. జూన్ మొదటి శనివారం ఎవరికీ వద్దు. మనం ఆగస్టులో ఉన్నాం. 1931 జనవరి ఒకటికి ముందు పుట్టినవాళ్లకీ వద్దు.

నాన్న వేళ్లమీద లెక్కేశాడు. "మా నాన్న 1928. ఆయనకైతే ఫ్రీ. పోయి ఇరవై ఏళ్లయింది."

లైసెన్సు కోసం పెద్ద స్టోరుకెళ్లాం. గాలాలూ తుపాకులూ ఒకే కౌంటర్లో అమ్ముతున్నారు. పై రాష్ట్రాలవాళ్లకీ, పై దేశాలవాళ్లకీ ఒక రోజు లైసెన్సు పదహారు డాలర్లు. సముద్రంలో కూడా పట్టుకోవచ్చని కౌంటర్లో అమ్మాయి అంటే నాన్న కళ్లు పెద్దవయ్యాయి. "పదహారు డాలర్లకి సముద్రమంతానా!" సముద్రం ఐదు గంటల దూరంలో ఉందని చెప్పి దారిలో పెట్టాను.

తర్వాత వివరాలు. ఎత్తు, బరువు, కళ్ల రంగు. జుట్టు రంగు అడిగితే నాన్న నావైపు చూశాడు, నేను ఆయన తలవైపు చూశాను. ప్రయాణానికి ముందురోజు వేసిన రంగు అప్పటికే అంచుల్లో దిగిపోతోంది. "నలుపని రాయించు" అన్నాడు. ఈ రాష్ట్రానికి మేము చెప్పిన అబద్ధం అదొక్కటే.

"మరి మీకు?" అని అడిగింది అమ్మాయి. నా బోటి ఇక్కడివాళ్లకి రోజుకి పదకొండు డాలర్లు. "నేను ఊరికే చూస్తాను" అన్నాను. ఆ పదకొండు డాలర్లు మిగిలినందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

ఎర కూడా అక్కడే కొన్నాం. ప్లాస్టిక్ డబ్బాలో మట్టి, మట్టిలో ఎర్రలు, ఆ డబ్బా ఫ్రిజ్జులో. "మనూళ్లో అరటిపాదు తవ్వితే దోసెడొస్తాయి. వీటికి ఏసీ కూడానా!" అని నాన్న డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

శనివారం పొద్దున ఆరింటికే వెళ్లాం. పదయ్యేసరికే ఎండ మండిపోయే ఊరిది. నాన్న, నేను, నిద్రకళ్లతో మా పన్నెండేళ్లవాడు. ఇంటి దగ్గర అమ్మ అప్పటికే చింతపండు నానబోసింది. గట్టున బోర్డుంది: మనిషికి రెండు గాలాలు మించకూడదు, వలలు వేయకూడదు, జెల్లలు రోజుకి ఐదే. నాన్న విసురువల తెస్తానంటే, ఆవకాయ జాడీకి చోటు చాలదని అమ్మ దాన్ని సూట్‌కేసులోంచి పీకేసిందట. ఆవకాయకి నేను రుణపడి ఉన్నాను.

గంటన్నర గడిచింది. నాన్న బెండు మీంచి చూపు తిప్పలేదు. నేను బోర్డు మీంచి తిప్పలేదు. షుగరున్న మనిషి కదా, ఏడున్నరకి లేచి గాలం కర్ర నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడే వస్తా. ఊరికే పట్టుకో, ఏం చెయ్యకు."

నేనేం చెయ్యలేదు. చేసిందంతా చేపే. బెండు ఒకసారి తల ఊపింది, రెండోసారి మునిగింది, మూడోసారి నన్ను చెప్పులతో సహా అరడుగు ముందుకి లాగింది. గోదావరి జిల్లాలో పుట్టి నలభై రెండేళ్లకి మొదటిసారి నా చేతికి చేప తగిలింది. ఆ క్షణంలో గ్రీన్‌కార్డు గుర్తురాలేదు. "వీడియో తియ్యరా!" అని అరిచాను. వాడు తీశాడు. రెండు కిలోల జెల్ల గట్టున ఎగురుతుంటే నేను దాని చుట్టూ ఎగురుతున్నాను.

"గుడ్ మార్నింగ్" అని వెనక నుంచి వినబడింది.

గేమ్ వార్డెన్, అంటే వేటకీ చేపలకీ కాపలా కాసే ప్రభుత్వ అధికారి. టోపీ, బ్యాడ్జి, నడుముకి తుపాకీ. ఎంతో మర్యాదగా లైసెన్సు చూపించమన్నాడు. జేబులోంచి నాన్నది తీసిచ్చాను. ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. పుట్టిన సంవత్సరం 1954. జుట్టు నలుపు. నాకైతే నుదురు వెనక్కి జరిగి జరిగి నడినెత్తి దాటింది.

సరిగ్గా అప్పుడే దూరం నుంచి నాన్న యూనిఫాం చూశాడు. చిన్నప్పుడు, ఊరి చెరువుని వేలంలో పాడుకున్న ఆసామి పెట్టిన కాపలావాడి చేతికి చిక్కిన అనుభవం ఆయనకుంది. అరవయ్యేళ్లు గడిచినా కాళ్లు మరచిపోలేదు. పార్కంతా వినబడేలా కేకేశాడు: "ఒరేయ్! కర్ర నీళ్లలో పడేసి పరిగెత్తరా!"

"ఏమంటున్నారు?" అన్నాడు వార్డెన్.

"గుడ్ మార్నింగ్ అంటున్నారు" అన్నాను.

నాన్న ఆయాసపడుతూ వచ్చి తన వాదన పెట్టాడు. గాలం ఆయనది, ఎర ఆయనది, లైసెన్సు ఆయనది, కొడుకూ ఆయన కొడుకే. కాబట్టి చేప కూడా ఆయనదే. నేను తర్జుమా చేశాను. వార్డెన్ శ్రద్ధగా విన్నాడు. కర్ర ఎవరి చేతిలో ఉంటే పట్టేది వాళ్లేనట, లైసెన్సు ఆ మనిషికుండాలట. మావాణ్ణి చూపించి, "ఈ అబ్బాయి చేతికిచ్చి ఉంటే ఏ ఇబ్బందీ లేదు కదా" అన్నాడు. లైసెన్సే అక్కర్లేని పౌరుడు నా పక్కనే నిలబడి, నేరాన్ని మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసిపెట్టాడు.

నాన్న నా చెవిలో, "ఆ జెల్ల ఆయనకిచ్చెయ్యరా. ఇంటికెళ్లి పులుసు పెట్టుకుంటాడు" అన్నాడు.

"ఇప్పుడేమంటున్నారు?"

"మీ టోపీ బాగుందంటున్నారు."

ఆయన థాంక్స్ చెప్పి జరిమానా టికెట్టు రాశాడు. ఇరవై అయిదు డాలర్ల నుంచి అయిదు వందల దాకా ఎంతైనా పడొచ్చు, అది జడ్జిగారి ఇష్టం. చేపని నీళ్లలో వదిలేయమన్నాడు. నాన్న దాన్ని వదుల్తున్నప్పుడు అత్తారింటికి పంపుతున్నట్టుంది ఆయన మొహం. ఆ మధ్యాహ్నం మాకు చింతపండు పులుసే, చేప లేకుండా.

వీడియో అప్పటికే ఫ్యామిలీ గ్రూపుకెక్కింది. భీమవరం నుంచి మా బాబాయి, "జెల్ల బాగుంది, పక్కన పోలీసెవరు?" అని అడిగాడు.

మర్నాడు పంతం వచ్చింది. ఒంటరిగా కూర్చుని ఆన్‌లైన్లో నా లైసెన్సు కొన్నాను. కొన్న రోజు నుంచి ఏడాది చెల్లేది, సముద్రంతో కలిపి, నలభై ఏడు డాలర్లు. చెరువుల వరకే అయితే ముప్ఫై. నాకు సముద్రంతో ఏం పని? పదిహేడు డాలర్లు మిగిల్చి, ప్రింటు తీసి, నాన్న ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "ఆగస్టు 31 దాకా అని ఉందేంట్రా?"

లాక్కుని చూశాను. ముప్ఫై డాలర్లది కొన్న రోజు నుంచి కాదట. వాళ్ల లైసెన్సు సంవత్సరం సెప్టెంబరు ఒకటిన మొదలై ఆగస్టు ముప్ఫై ఒకటితో అయిపోతుందట. ఆ రోజు ఆగస్టు 24.

"వారం ఉంది కదా" అని నాన్న ఓదార్చాడు. "ఫ్రిజ్జులో పెరుగు గిన్నె వెనక ఎర్రలింకా డజను దాకా ఉన్నాయి. చాలవూ?"

వంటింట్లోంచి మా ఆవిడ కేక పార్కు దాకా వినబడే ఉంటుంది.