ఫోన్‌కు తగిలించే థర్మల్ కెమెరాలో అమ్మోనియా కనిపించదు

చిత్తూరు చుట్టుపక్కల డెయిరీల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. ఫోన్‌కు చిన్న థర్మల్ కెమెరా తగిలిస్తే ఏ గ్యాస్ లీకైనా కనిపిస్తుందట, గోడ అవతల ఉన్నా పట్టేస్తుందట. తెర మీద ఏమీ లేకపోతే లోపలికి నిశ్చింతగా వెళ్లొచ్చట. ఇది నమ్మి ఎవరైనా, చల్లదనం కోసం వాడే అమ్మోనియా గ్యాస్‌ను నడిపే కంప్రెసర్ గదిలోకి వెళ్తారేమోనని భయమేసి రాస్తున్నాను.

‘ఏ గ్యాసైనా కనిపిస్తుంది.’ కనిపించదు. ఆ బుల్లి కెమెరా చూపేది వస్తువుల వేడి, చల్లదనం మాత్రమే. గ్యాస్‌ను చూపే కెమెరా వేరే ఉంది. మీథేన్, వంటగ్యాస్ సుమారు 3.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర, అమ్మోనియా 10.5 మైక్రాన్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను, అంటే కంటికి కనబడని వేడి కిరణాలను, బాగా పీల్చుకుంటాయి. కిరణాల్లో ఆ కాస్త భాగాన్నే లోపలికి వదిలే ఫిల్టర్ ఉంటేనే గ్యాస్ పొగలా కదులుతూ కనిపిస్తుంది. మీథేన్ కెమెరాల్లోనైతే సెన్సర్‌ను దాదాపు మైనస్ 200 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అంత చేసినా క్లోరిన్, హైడ్రోజన్ వాటికీ అందవు.

మా ప్లాంట్‌లో ఒక ఫోన్ కెమెరా తెచ్చి చూశాం. వాల్వ్ ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గర, అమ్మోనియా తగిలితే తెల్లటి పొగ ఇచ్చే సల్ఫర్ వత్తి వెలిగించి తిప్పితే పొగ గుప్పున లేచింది. అక్కడే ఫోన్ పెడితే మంచు పట్టిన పైపు ముదురు నీలంగా కనిపించింది, అంతే. అమ్మోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి అది కారిన చోట లోహం బాగా చల్లబడుతుంది. వీడియోలో చూపిన నీలం మరక అదే అయ్యుంటుంది. (వత్తి చిన్న లీకులకే. ఘాటు ఎక్కువగా ఉన్నచోటా, వంటగ్యాస్ దగ్గరా నిప్పు వద్దే వద్దు.)

గోడ దాకా ఎందుకు, ఈ కెమెరాకు కిటికీ అద్దం అవతలిది కూడా కనిపించదు. అద్దంలో మీ ఒంటి వేడే తిరిగి కనిపిస్తుంది.

‘తెర మీద లేకపోతే లీక్ లేనట్టే.’ ప్రాణం తీసే మాట ఇదే. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర డెయిరీలో అమ్మోనియా లీకై పదిమందికి పైగా మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు. ఈ గ్యాస్ 300 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 300 పాళ్లు) చేరితే ప్రాణాపాయం. దాని ఘాటు ముక్కుకు అంతకంటే చాలా ముందే తెలుస్తుంది. కళ్లు మండితే ఫోన్ తీయకండి, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా బయటపడండి. అసలైన గ్యాస్ కెమెరా కూడా మామూలుగా లీక్ ఎక్కడుందో చూపుతుందే గానీ, మీరు పీల్చే గాలిలో ఎన్ని పీపీఎం ఉందో చెప్పదు. అది చెప్పేది గోడకు బిగించిన సెన్సరే. యజమానులు ముందు దాన్ని పనిచేయించాలి, మాస్కు క్యానిస్టర్ల (గ్యాస్‌ను వడకట్టే డబ్బాల) గడువు తేదీ చూడాలి.