గాండీవం బరువెక్కాక

తాండ్ర పాపారాయుడికి వయసు మీద పడదు. బొబ్బిలి, రాజాం చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తరం ఆయన కథ విన్నా మీసం నల్లగానే ఉంటుంది, కత్తి పదునుగానే ఉంటుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను పడగొట్టారు. కోటలోని ఆడవాళ్ళు శత్రువు చేతికి చిక్కకూడదని వాళ్ళ మగవాళ్ళే వాళ్ళని చంపుకున్నారు. రాజాంలో ఉండిపోయి ఆలస్యంగా కబురు అందుకున్న పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు డేరాలో దూరి పగ తీర్చుకుని అక్కడే ప్రాణం విడిచాడు. బుర్రకథ అక్కడితో ముగుస్తుంది. వినేవాళ్ళ గుండె ఇంకా దడదడలాడుతుండగానే మంగళం పాడేస్తారు.

ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ పసివాడు ఒకడున్నాడు. బొబ్బిలి రాజు కొడుకు చిన రంగారావు. తండ్రీ పోయి, కోటా పోయి, ఏళ్ళ తరబడి కష్టాలు పడి, పెద్దవాడయ్యాక ఎప్పటికో జమీను తిరిగి దక్కించుకున్నాడు. వీరులంతా పోయాక మిగిలిన బతుకు ఎలా ఉంటుందో పూర్తిగా చూసిన మనిషి ఆయనే. ఆయన పేరు మీద కథ చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

నేను పాపారాయుడి కథను తక్కువ చేయడం లేదు. ఆ కథ ఈ నేల ఆత్మాభిమానం. నా మాట వేరు. వీరుడు బతికి ముసలివాడైతే ఏమవుతాడన్న ప్రశ్న మన వీరగాథలకు రానే రాదు. భారతం ఆ ప్రశ్నను పట్టుకుంది, ఆఖరిదాకా వదలలేదు. నా దృష్టిలో భారతం గొప్పదనంలో సగం అక్కడే ఉంది. ఆ భాగాన్నే మనం వేదిక ఎక్కనివ్వడం లేదు.

మౌసల పర్వం చూడండి. కురుక్షేత్రం ముగిసి 36 ఏళ్ళు గడిచాయి. యాదవులు తమలో తాము కొట్టుకుని చచ్చిపోయారు. కృష్ణుడు వెళ్ళిపోయాడు. ద్వారకలో మిగిలిన ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను వెంటబెట్టుకుని అర్జునుడు ఇంద్రప్రస్థానికి బయలుదేరాడు. దారిలో పంచనదం దగ్గర ఆభీరులు మీదపడ్డారు. వాళ్ళు మహావీరులేమీ కారు. చేతికర్రలు పట్టుకున్న దారిదోపిడీ దొంగలు. అర్జునుడు మొదట నవ్వి, ప్రాణాల మీద ఆశ ఉంటే వెనక్కి పొండని హెచ్చరించాడు. వాళ్ళు వినలేదు. సరే అని గాండీవం అందుకున్నాడు.

ఇక్కడ కవి తొందరపడడు. గాండీవానికి అల్లెతాడు ఎక్కించడానికే అర్జునుడు అవస్థ పడ్డాడు. ఎలాగో ఎక్కించాడు. దివ్యాస్త్రాలు తలుచుకుందామంటే ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఎన్నడూ తరగవని పేరున్న అంబులపొదిలో బాణాలు అయిపోయాయి. చివరికి వింటికొప్పుతో దొంగలను కొట్టబోయాడు. కళ్ళెదుటే ఆడవాళ్ళను ఈడ్చుకుపోయారు. కొందరు తమంతట తామే వాళ్ళ వెంట వెళ్ళిపోయారని కూడా కవి చెప్పాడు. ఆ ఒక్క మాట దాచి ఉంటే అర్జునుడి పరువు కొంచెమైనా మిగిలేది. ఖాండవాన్ని దహించినవాడు, శివుడితో కలబడ్డవాడు, విరాటుడి కొలువులో ఉండగా ఒంటిరథంతో కౌరవసేన మొత్తాన్ని నిలబెట్టినవాడు కర్రల గుంపు ముందు చేతులెత్తేశాడు.

ఇదంతా కృష్ణుడు లేకపోవడం వల్లేనని భక్తులు అంటారు. భాగవతంలో అర్జునుడు తిరిగొచ్చి ధర్మరాజు ముందు ఏడ్చే ఘట్టాన్ని పోతన ఆ దారిలోనే నడిపాడు. అదే రథం, అవే గుర్రాలు, అదే విల్లు, ఆ రథికుణ్ణీ నేనే, అయినా అన్నీ దండగైపోయాయని అర్జునుడు వాపోతాడు. చదివితే కళ్ళు చెమరుస్తాయి. కానీ భారతంలో వ్యాసుడు అర్జునుడికి చెప్పిన కారణం ఇంకాస్త కఠినంగా ఉంటుంది. యాదవుల నాశనానికి శాపం ఉంది. అర్జునుడి అస్త్రాల సంగతికి వచ్చేసరికి కాలం అంటాడు వ్యాసుడు. వాటి పని అయిపోయింది, వచ్చిన చోటికే పోయాయి, మీరూ బయలుదేరే వేళయింది అంటాడు. ఓదార్పు లేదు. ఇంకో వరం లేదు.

నాకు అంతకన్నా లోతుగా తగిలే చోటు మహాప్రస్థానిక పర్వంలో ఉంది. పాండవులు రాజ్యం వదిలేశారు, నగలు తీసేశారు, నారచీరలు కట్టుకుని నడుస్తున్నారు. అర్జునుడు మాత్రం గాండీవాన్ని, అంబులపొదులను వదల్లేదు. వాటి మీది మోజుతో వదల్లేకపోయాడని కవి ముక్కుసూటిగానే చెప్పాడు. ఆ విల్లు అప్పటికే చేతికి లొంగడం మానేసింది, పంచనదం దగ్గర అందరూ చూశారు. అయినా మోసుకు తిరుగుతున్నాడు. అగ్నిదేవుడు ఎదురొచ్చి, ఖాండవ దహనం కోసం వరుణుడి దగ్గర్నుంచి నేను తెచ్చిచ్చిన విల్లు అది, తిరిగి ఇచ్చెయ్యి అని అడగాల్సి వచ్చింది. అన్నదమ్ములూ చెప్పారు. అప్పుడు నీళ్ళలో వదిలాడు. పదవి అయిపోయాక కూడా కుర్చీ వదలని పెద్దలను, రిటైరయ్యాక ఆఫీసు గుమ్మం చుట్టూ తిరిగే ఉద్యోగులను మనం చూస్తూనే ఉన్నాం. వాళ్ళ మనసులో ఏముందో తెలుసుకోవాలంటే ఈ నాలుగు శ్లోకాలు చాలు.

వయసంటే బలం తగ్గడమేనని భారతం అనుకుని ఉంటే అర్జునుడొక్కడితో సరిపోయేది. భీష్ముడి దగ్గర లెక్క తిరగబడుతుంది. కురుక్షేత్రంలో ఉన్న బాగా ముసలివాళ్ళలో ఆయన ఒకడు గానీ, చేతిలో సత్తా మాత్రం తగ్గలేదు. పదిరోజులు సేనాపతిగా ఉండి పాండవసేనను చెల్లాచెదురు చేశాడు. ఆయుధం పట్టనన్న కృష్ణుడే రథం మీంచి దూకి చక్రం ఎత్తాల్సి వచ్చింది. ద్రోణుడూ అంతే. ఎనభై దాటిన తలనెరిసిన ముసలివాడు పదహారేళ్ళ కుర్రాడిలా రణంలో తిరిగాడని కవి అంటాడు. ఆయన్ని పడగొట్టింది ఏ బాణమూ కాదు, కొడుకు పోయాడన్న కబురు.

మరి భీష్ముడిలో ముసలితనం ఎక్కడ చేరింది? మాటలో చేరింది. కుర్రవాడిగా దేవవ్రతుడు ఒక్క మాటతో రాజ్యం వదిలేశాడు, పెళ్ళి వదిలేశాడు, దేవతలు పూలవాన కురిపించారు. ఆ నోరే నిండుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు ధర్మం చాలా సూక్ష్మం అని తప్పించుకుంది. అదే సభలో లేచి నిలబడి ఇది అన్యాయం అన్నవాడు వికర్ణుడు, దుర్యోధనుడి తమ్ముళ్ళలో ఒకడు, కుర్రవాడు. పక్కనే విదురుడూ మాట్లాడాడు. అందరికన్నా బరువైన మాట ఉన్నవాడే తన మాట వాడలేదు. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు నమస్కారం పెట్టడానికి వస్తే, మనిషి అర్థానికి దాసుడు, అర్థం ఎవరికీ దాసి కాదు, కౌరవుల సొమ్ముకి కట్టుబడిపోయాను అని చెప్పుకున్నాడు. చిన్నప్పుడు చేసిన ప్రతిజ్ఞ ఆయన్ని వీరుణ్ణి చేసింది. ముసలితనానికి అది అలవాటైపోయింది. ఎదురు చెప్పడానికి బలం చాలక కాదు, ఎదురు చెప్పే అలవాటు పోయింది.

ఆ నోరు మళ్ళీ తెరుచుకున్నది ఎప్పుడంటే, శిఖండిని ముందు పెట్టుకున్న అర్జునుడి బాణాలకు ఒళ్ళంతా జల్లెడై, చేతులు ఇక దేనికీ పనికిరాకుండా పోయాక. అంపశయ్య మీద 58 రాత్రులు గడిపానని ఆయనే చెప్పాడు. శాంతి, ఆనుశాసనిక పర్వాల్లో ఎక్కువ భాగం ఆ పడక మీంచి చెప్పిందే. భారతంలో అన్నిటికన్నా పెద్ద పర్వం శాంతిపర్వం. యుద్ధం చేసిన పది రోజుల కన్నా, కదల్లేక పడుకున్న రోజులకే కవి ఎక్కువ చోటు ఇచ్చాడు. రాజు ఎలా ఉండాలి, పన్ను ఎలా తీసుకోవాలి, ఆపదలో ధర్మం ఎంతవరకు సడలించవచ్చు, అన్నీ చెప్పాడు. సభలో ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఇన్ని వేల శ్లోకాలు అవసరమయ్యేవి కావేమో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. భీష్మ ఏకాదశికి విష్ణు సహస్రనామం చదువుకుంటాం, మంచిదే. ఆ నామాలు చెప్పిన నోరు ఒకప్పుడు ఎక్కడ మూసుకుపోయిందో కూడా ఆ రోజు పిల్లలకు చెప్పాలి.

పోతన మాత్రం ఆ అంపశయ్య దగ్గర ఇంకో సంగతి పట్టుకున్నాడు. ‘కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి’ అన్న సీసపద్యం మన ఊళ్ళలో చదువు రాని వాళ్ళకు కూడా నోటికి వచ్చు. చావబోయే యోధుడు తన గెలుపుల్లో ఒక్కదాన్నీ తలుచుకోడు. తనను చంపడానికి చక్రం పట్టి దూకి వస్తున్న కృష్ణుణ్ణి తలుచుకుని, ఆ దేవుడే నాకు దిక్కు అంటాడు. కుర్రతనంలో ఏ యోధుడూ ఇలా మాట్లాడలేడు.

భీముడు ముదిరిన తీరు వేరు. ఆశ్రమవాస పర్వంలో, యుద్ధం అయిన పదిహేనేళ్ళకు, గుడ్డి ధృతరాష్ట్రుడికి వినపడేలా భుజాలు చరుచుకుని, గంధం పూసిన ఈ చేతులే వాడి కొడుకులందరినీ యమపురికి పంపాయి అని గొప్పలు పోతాడు. చచ్చిన కొడుకులకు శ్రాద్ధం పెట్టుకోవడానికి ముసలాయన డబ్బు అడిగితే ఇవ్వడానికి వీల్లేదంటాడు. అర్జునుడు బతిమాలాడు, పాతవి మర్చిపొమ్మన్నాడు. ధృతరాష్ట్రుడు అడవికి వెళ్ళిపోయాడు. గాంధారీ వెళ్ళింది, కుంతీ వెళ్ళింది. ముగ్గురూ దావాగ్నిలో పోయారు. దుశ్శాసనుడి రొమ్ము చీల్చిన భీముడికి మనం ఈలలు వేస్తాం, ఈ భీముడి ఊసెత్తం. ఇద్దరూ ఒకడే. పగ తీరాక కూడా పగ వదలకపోతే ఆ వీరుడు ఇంట్లో ఎలా ఉంటాడో కవి చూపించాడు.

రామాయణం ఇంత కర్కశంగా ఉండదు. జటాయువు రావణుడికి అడ్డం తిరిగి, నేను అరవైవేల ఏళ్ళ ముసలివాణ్ణి, నువ్వు వయసులో ఉన్నావు, నీకు విల్లుంది, కవచం ఉంది, రథం ఉంది, అయినా నేను చూస్తుండగా సీతను తీసుకుపోలేవు అంటాడు. ఓడిపోతానని తెలిసి మరీ అడ్డుపడ్డాడు. భీష్ముడికి అన్నీ ఉండి కుదరనిది ఈ పక్షికి కుదిరింది. సముద్రం ఒడ్డున జాంబవంతుడు, ఒకప్పుడు త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణ చేశాను, ఇప్పుడు తొంభై యోజనాలకు మించి దూకలేను అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, మూల కూర్చున్న హనుమంతుడికి అతని బలం గుర్తుచేశాడు. తన లెక్క తనకు తెలిసిన పెద్దవాడు గనకే దూకగలిగిన కుర్రవాణ్ణి గుర్తుపట్టాడు.

మన దగ్గరే కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మనిషి ఉన్నాడు. కోడి రామమూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టాడు, విజయనగరంలో పెరిగి వ్యాయామం నేర్పాడు, సర్కస్ పెట్టి దేశాలు తిరిగాడు. గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. చివరి రోజుల్లో కాలికి జబ్బు చేసి, ఆ కాలే తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలో పోయాడు. ఆయన గురించి ఎవరు చెప్పినా ఏనుగు దగ్గర అరగంట ఆగుతారు, కాలు దగ్గర ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఇంత బలం ఉన్న మనిషి కాలు లేకుండా రోజులు ఎలా వెళ్ళదీశాడో, ఏం ఆలోచించాడో వినాలని నాకుంది. భీముడని పేరు పెట్టినప్పుడు ఆ పేరుతో పాటు చివరి పర్వాలూ వస్తాయి కదా.

హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు తిరిగిన నేల ఇది. 1919లో విజయనగరంలో పెట్టిన సంగీత కళాశాలకు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. భారతం చెప్పే గొంతుకు ఇక్కడ కరువు లేదు. వానలు పడకపోతే విరాటపర్వం చదివిస్తారు, తిరునాళ్ళకు రాయబారం సీను ఆడిస్తారు, అభిమన్యుడి చావుకు ఊరంతా ఏడుస్తుంది. యుద్ధం అయిపోయాక ఏమైందో చెప్పేవాళ్ళు అరుదు. అశుభం అనేవాళ్ళున్నారు, పండగ పూట ఎందుకు అనేవాళ్ళున్నారు, టిక్కెట్టు తెగదు అనే నిర్వాహకులున్నారు. వాళ్ళ ఇబ్బంది అర్థం కానిది కాదు.

కానీ ఇప్పుడు ఆ కథ వినడానికి కూర్చుంటున్నది ఎవరు? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కుర్రకారు పనుల కోసం విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వెళ్ళిపోయారు. పందిట్లో ముందు వరసలో ఉండేది పెద్దవాళ్ళు. వాళ్ళ ఎదురుగా ఎప్పటికీ ముసలివాడు కాని వీరుణ్ణే నిలబెడుతున్నాం. పట్టు జారిన చేతులు, గుర్తురాని పేర్లు, వదల్లేని పెత్తనం, చెప్పాల్సినప్పుడు చెప్పలేకపోయిన మాట, ఇవన్నీ వాళ్ళ రోజువారీ సంగతులు. వాటిని అర్జునుడి స్థాయిలో, భీష్ముడి స్థాయిలో చూపించిన కావ్యం మనింట్లో ఉండి కూడా వాళ్ళదాకా చేరడం లేదు.

నాటక పరిషత్తు పోటీలు పెట్టేవాళ్ళు ఒక్కసారైనా మౌసల పర్వం మీద నాటకం రాయించాలి. విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తిక్కన తెలుగులో చెప్పాడు గనక పద్యాలకు వెతుక్కోనక్కర్లేదు. సెట్టింగులకు ఖర్చు కాదు. దారి, విల్లు, కర్రలు పట్టుకున్న పదిమంది చాలు. ఒకప్పుడు అర్జునుడి వేషానికి పేరు మోసి, అరవై దాటాక చిన్న వేషాలకు పరిమితమైన నటులు ఈ రెండు జిల్లాల్లో ఉన్నారు. ఆ పాత్ర వాళ్ళకే ఇవ్వాలి.