కిన్వట్‌లో ఒక లెక్క, ఆదిలాబాద్‌లో మరో లెక్క

మహారాష్ట్రలోని మా కిన్వట్ లంబాడా (బంజారా) తండాల్లో అన్న ఇటు, చెల్లెలు పెళ్లయి ఆదిలాబాద్ వైపు ఉండటం మామూలే. భాష ఒకటే, మొక్కే సేవాలాల్ మహరాజ్ ఒకరే. కానీ చెల్లెలి పిల్లలు ఎస్టీలు, అన్న పిల్లలు మహారాష్ట్ర లెక్కలో విముక్త జాతి అనే వేరే వర్గం, 3 శాతం కోటాలోనే కొట్టుకోవాలి. 1956లో కిన్వట్, రాజురా తాలూకాలు ఆదిలాబాద్ నుంచి ఇటొచ్చేశాయి, 1976 చట్టంతో తెలంగాణ ప్రాంతపు లంబాడాలను ఎస్టీ జాబితాలో చేర్చారు, ఇటున్నవాళ్లు మిగిలిపోయారు.

జాతుల మధ్య అసమానత మనుషుల మనసుల్లో ఉంటుందని, మనసులు మారితే అదీ పోతుందని నమ్మేవాళ్లు ఇది చూడాలి. అమెరికాలో రాబర్ట్ పార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త జాతులు మొదట ఎదురుపడతాయి, పోటీ పడతాయి, సర్దుకుంటాయి, చివరికి కలిసిపోతాయి అన్నాడు. నల్లవాళ్ల విషయంలో అలా జరగలేదు, ఎందుకంటే 1930ల్లో ప్రభుత్వ సంస్థలే అప్పివ్వడం ప్రమాదమని వాళ్ల వాడలకు మ్యాపుల్లో ఎర్ర రంగు పూశాయి, అక్కడి ఇళ్లకు అప్పు పుట్టడం కష్టమైంది. ఇల్లు లేకపోతే పిల్లలకు ఆస్తి ఎక్కడిది? పక్కింటి తెల్లాయన ఎంత మంచివాడైనా ఆ నష్టం పూడదు.

నాకు మరో అమెరికా సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ బ్లూమర్ 1958లో చెప్పిన మాటే సరైనదనిపిస్తుంది. ద్వేషం ఒక్కో మనిషి గుణం కాదు, మన గుంపు స్థానం పోతోందన్న భయంలోంచి పుడుతుంది అంటాడాయన. 2017 చివర్లో ఉట్నూరు వైపు ఆదివాసీలకు, లంబాడాలకు మధ్య గొడవలు ముదిరినప్పుడు చాలామంది దాన్ని జాతి వైరం అనేశారు, ఆ మాట నాకిప్పటికీ బాధే. గోండులు, కొలాములు అడివిని, భూమిని ఏళ్ల తరబడి పోగొట్టుకుంటూ వచ్చారు, కుమ్రం భీం 1940లో ప్రాణమిచ్చింది వాటి కోసమే. మిగిలిన సీట్లు, ఉద్యోగాలు కూడా తమకన్నా ముందు చదువుకున్నవాళ్లకే పోతున్నాయని వాళ్లు అంటే దాన్ని ద్వేషమని కొట్టిపారేయలేం. అలాగని తండాలో కూలికి పోయే లంబాడా తల్లి దోచుకుందనీ అనలేం.

2025లో మహారాష్ట్ర బంజారాలు తమను తెగగా రాశారంటూ నిజాం కాలం నాటి హైదరాబాద్ గెజిట్ చూపించి ఎస్టీ హోదా అడిగారు, ఇక్కడి ఆదివాసీలు వద్దన్నారు. టీవీల్లో చర్చంతా అసలు ఆదివాసీ ఎవరన్నదే. తాలూకా వారీగా ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది, ఎస్టీ ఉద్యోగాలు ఏ తెగలకు ఎన్ని వచ్చాయి అనే లెక్క బయటపెట్టమని రెండు వర్గాలూ కలిసి ప్రభుత్వాన్ని అడగాలి. హోదా ఇవ్వాలా వద్దా అన్నది ఆ లెక్క చూశాకే తేల్చాలి.